ట్యూబులో తగ్గే షుగర్: చివరి సంవత్సరం ప్రాజెక్టు డైరీ

జూలై, అంశం కోసం వెతుకులాట

నోటీసు బోర్డు మీద ప్రాజెక్టు అంశాల జాబితా పెట్టారు. బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చివరి సంవత్సరంలో ఒక్కొక్కరం ఒక చిన్న పరిశోధన చేసి, దాన్ని పుస్తకంగా కట్టించి, బయటినుంచి వచ్చే పరీక్షకుడి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. జాబితాలో ఏటా తిరిగే పేర్లే ఉన్నాయి: రక్తహీనత, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లలో యాంటీబయాటిక్ నిరోధకత, మధుమేహుల్లో కొలెస్ట్రాల్. అంశాలు చెడ్డవేమీ కావు. వందల మందిని పరీక్షిస్తే తప్ప తేలని సంగతిని నలభై మందితో ముగించి, ఆఖరి పేజీలో "ఇంకా పెద్ద అధ్యయనం అవసరం" అని రాసి చేతులు దులుపుకోవడమే నాకు నచ్చదు.

నా తలలో తిరుగుతున్నది వేరు. పోస్టింగులో శాంపిళ్లు తీసుకునే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు చూశాను. ఊళ్లలో పెట్టే వైద్య శిబిరాల నుంచి రక్తం థర్మోకోల్ పెట్టెలో వస్తుంది. పాకాల వైపు నుంచో, భాకరాపేట ఘాట్ అవతల నుంచో ఉదయం తీసిన రక్తం తిరుపతి చేరేసరికి భోజనాల వేళ దాటుతుంది. పెట్టెలో ఐసు వేసి ఉంటే అది ఎప్పుడో నీళ్లయి ఉంటుంది. అదే ఎర్ర మూత ట్యూబులోంచి క్రియాటినిన్, కొలెస్ట్రాల్‌తో పాటు షుగర్ కూడా చేసేస్తారు. రిపోర్టు మీద పరీక్ష చేసిన సమయం అచ్చవుతుంది. రక్తం తీసిన సమయం ఎక్కడా ఉండదు.

గైడ్ మేడం దగ్గరికి వెళ్లి ఇదంతా ఏకరువు పెట్టాను. ఆమె విని, "ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకుని రా. అందులో 'మరియు' వచ్చిందంటే రెండు ప్రాజెక్టులని అర్థం, ఒకటి కొట్టేసుకో" అన్నారు.

మర్నాడు రాసి ఇచ్చాను: "తిరుపతి గది వేడిలో నిలవ ఉన్న రక్తంలో గంట గంటకూ గ్లూకోజు ఎంత తగ్గుతుంది, ఫ్లోరైడ్ ట్యూబు ఆ తగ్గుదలను ఎంత ఆపుతుంది?"

"'మరియు' లేదు కానీ కామా వెనక ఇంకో ప్రశ్న దాక్కుంది" అన్నారు. అయినా కొట్టేయలేదు. సంతకం పెట్టారు.

స్నేహితులు పెదవి విరిచారు. ఒకడు జన్యువుల మీద చేస్తున్నాడు, ఇంకొకామె క్యాన్సర్ సూచికల మీద. "షుగర్ టెస్టా? అది మొదటి సంవత్సరం ప్రాక్టికల్ కదా" అన్నారు. నిజమే. మొదటి సంవత్సరంలో నేర్చుకున్నదాన్ని చివరి సంవత్సరంలో కూడా సరిగా చేయడం లేదన్నదే నా అనుమానం.

జూలై చివర, చదువు

ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండవు. దానికి కావలసిన శక్తి అంతా గ్లూకోజును విరగ్గొట్టడం వల్లే వస్తుంది. ఒంట్లోంచి ట్యూబులోకి వచ్చినంత మాత్రాన అది తినడం మానదు. తీరా మనం కొలిచేసరికి మిగిలినదే అంకెగా కనిపిస్తుంది. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఈ తగ్గుదల గంటకు 5 నుంచి 7 శాతం అని పుస్తకాలు చెబుతాయి. తెల్లకణాలు ఎక్కువగా ఉన్న రక్తంలో, వేడి ఎక్కువగా ఉన్న చోట ఇంకా వేగం.

కాగితం మీద లెక్క వేసి చూశాను. పరగడుపున ఒకరి గ్లూకోజు డెసిలీటరుకు 128 మిల్లీగ్రాములు అనుకుందాం. మధుమేహమని చెప్పే గీత 126. గంటకు 6 శాతం చొప్పున రెండు గంటలు పోతే ఆ 128 కాస్తా 113 అవుతుంది. అంటే ఆ మనిషి మధుమేహి కాదు, "కొంచెం జాగ్రత్తగా ఉండండి" అనిపించుకునే మనిషి. నాలుగు గంటలు పోతే 100 లోపే. ఏ జాగ్రత్తా అక్కర్లేదని ఇంటికి పంపించేస్తాం. మనిషి మారలేదు, జబ్బు మారలేదు. ట్యూబు ఎండలో ప్రయాణం చేసింది, అంతే.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రకటించింది. ఈ రెండు గుంపుల మధ్య గీత దగ్గర నిలబడినవాళ్లు కోకొల్లలు. వాళ్లు గీతకు ఏ పక్క పడతారో తేల్చేది ఈ పది పదిహేను మిల్లీగ్రాములే.

ఇక ఫ్లోరైడ్ సంగతి. బూడిదరంగు మూత ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, షుగర్‌కు అదే వాడాలని మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చారు. అది గ్లూకోజు ఖర్చును "ఆపుతుంది" అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఇప్పుడు చదివితే తెలిసింది: ఫ్లోరైడ్ అడ్డుకునేది ఎనొలేజ్ అనే ఎంజైమును. గ్లూకోజును విరగ్గొట్టే ప్రక్రియలో, అంటే గ్లైకోలిసిస్‌లో, ఉన్న పది మెట్లలో అది తొమ్మిదోది. పై మెట్లన్నీ పని చేస్తూనే ఉంటాయి. కింద తలుపు మూసినా, లోపలికి వచ్చే జనం వెంటనే ఆగరు కదా. వెనక క్యూ నిండి, నిలబడటానికి చోటు లేనప్పుడే ఆగుతారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చూసినవాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. అందువల్ల మొదటి గంటలో ఫ్లోరైడ్ ఉన్న ట్యూబుకూ లేని ట్యూబుకూ పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాతే ఫ్లోరైడ్ పట్టు బిగిస్తుంది, బిగిశాక మాత్రం చాలాసేపు నిలబెడుతుంది.

దీనికి విరుగుడుగా సిట్రేట్ కలిపిన ట్యూబులు ఉన్నాయి. అవి రక్తాన్ని ఆమ్లంగా మార్చి మొదటి మెట్టు హెక్సోకైనేజ్‌ను, మూడో మెట్టు ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్‌ను నిలిపేస్తాయి. అంటే ముందు గుమ్మం దగ్గరే. అమెరికా మధుమేహ సంఘం, అక్కడి క్లినికల్ కెమిస్ట్రీ సంఘం కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫ్లోరైడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నాయి. ట్యూబును ఐసునీళ్లలో పెట్టి అరగంటలోపు ప్లాస్మా వేరు చేయండి, వీలుకాకపోతే సిట్రేట్ వాడండి అన్నాయి. మా బడ్జెట్టుకు సిట్రేట్ ట్యూబులు అందలేదు. ఆ భాగం వదిలేశాం.

ఆగస్టు, ప్రొటోకాల్

చేయాల్సిందేమిటో తెలిసింది. ఎలా చేయాలన్న దగ్గర చాలా కాగితాలు చిరిగాయి.

చిక్కు ఏమిటంటే ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డకడుతుంది. గంట గంటకూ చూడాలంటే ఒక్కో గంటకు ఒక్కో ట్యూబు తీయాలి. ఒక మనిషి దగ్గర అన్ని ట్యూబులు ఎవరు తీయనిస్తారు? అందుకని హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు ఎంచుకున్నాం. అందులో రక్తం గడ్డకట్టదు. గ్లూకోజు ఖర్చును ఆపేదీ ఏమీ లేదు. ఒకే ట్యూబు నుంచి సున్నా, ఒకటి, రెండు, నాలుగు గంటల దగ్గర అర మిల్లీలీటరు చొప్పున చిన్న గొట్టాల్లోకి తీసి, వెంటనే సెంట్రిఫ్యూజులో తిప్పి ప్లాస్మా వేరు చేయవచ్చు. బూడిదరంగు ట్యూబుకూ అదే పద్ధతి. మూడోది, హెపారిన్ ట్యూబే కానీ ఐసునీళ్లలో ఉంచేది. మూడూ కలిపి ఒక మనిషి నుంచి పది మిల్లీలీటర్ల చిల్లర.

ఊరి నుంచి వచ్చేది ఎర్ర మూత ట్యూబు కదా, మీరు ఆకుపచ్చది కొలిస్తే అదీ ఇదీ ఒకటేనా అని అడిగేవాళ్లు ఉంటారు. ఒకటి కాదు. ఆ మాట పరిమితుల పేజీలో రాశాం. దాచిపెట్టి ఉంటే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న అదే అయ్యేది.

ఎంతమంది కావాలన్న లెక్క కోసం కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో గణాంకాలు చూసే సార్ దగ్గర కూర్చున్నాను. ఒకే మనిషి రక్తాన్ని రెండు రకాలుగా పోలుస్తున్నాం కాబట్టి జంట కొలతల సూత్రం. ఐదు శాతం పొరపాటు, ఎనభై శాతం పట్టుబలం (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) అనుకుంటే 1.96కు 0.84 కలిపి వర్గం చేస్తే 7.84. తేడాల విస్తృతి 5 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 3 మిల్లీగ్రాముల తేడాను మేం వదులుకోకూడదు అనుకున్నాం. 7.84ను 25తో గుణించి 9తో భాగిస్తే 21.8, అంటే 22 మంది. కొందరు మధ్యలో తప్పుకుంటారని ఇంకొందరిని చేర్చాం. ప్రతి మనిషి తనకు తానే పోలిక కావడం వల్ల ఇంత తక్కువమందితో పని జరుగుతుంది. నలభై మందితో జనాభా గురించి మాట్లాడటానికీ దీనికీ తేడా ఇదే అని జన్యువుల మిత్రుడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు.

ఆగస్టు చివర, ఎథిక్స్ కమిటీ

రక్తం మా తరగతి వాళ్ల దగ్గరే తీసుకుంటానని ప్రొటోకాల్‌లో రాశాను. కమిటీ అక్కడే ఆపింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం విద్యార్థులు, కింది ఉద్యోగులు కూడా రక్షణ అవసరమైన వర్గమే. పైవాళ్ల మాట కాదనలేరు కనుక. "మీ మేడం తరగతిలోకి వచ్చి ఎవరు ఇస్తారు అని అడిగితే ఎవరైనా కూర్చునే ఉంటారా, చేతులెత్తరూ?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన డాక్టరు కాదు, కమిటీలో బయటినుంచి వచ్చే సభ్యుడు. ఆ రోజు గదిలో అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ పదునైనది ఆయనదే.

మార్పులు చేశాం. నోటీసు బోర్డు మీద కాగితం మాత్రమే పెడతాం. ఆసక్తి ఉన్నవాళ్లు మా విభాగంతో సంబంధం లేని ఒకరికి పేరు చెప్పాలి. అంగీకార పత్రం ఇచ్చాక ఒక రోజు ఆలోచించుకునే వీలు. ఇంటర్నల్ మార్కులకూ దీనికీ సంబంధం లేదని పత్రంలోనే రాశాం. మొదట నేను రాసిన తెలుగు పత్రం మూడు పేజీలు. హాస్టల్ వాచ్‌మన్‌కు చదివి వినిపిస్తే రెండో పేజీలోనే ఆవులించారు. ఒక్క పేజీకి తెచ్చాను.

కమిటీ అడిగిన ఇంకో ప్రశ్న: "ఎవరికైనా షుగర్ ఎక్కువ కనిపిస్తే ఏం చేస్తారు?" మా ప్రొటోకాల్‌లో దానికి జవాబు లేదు. కొత్తగా చేర్చాం: ఆ మనిషికి మాత్రమే, విడిగా, మేడం చెబుతారు, అది రోగ నిర్ధారణ కాదని, పరగడుపు పరీక్ష, కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోమని చీటీ ఇస్తారు. ఈ నాలుగు వాక్యాలూ తర్వాత అక్కరకొచ్చాయి.

సెప్టెంబరు

అనుమతి చేతికి రాలేదు. రక్తం ముట్టుకోలేను. ఈలోగా పరికరాలను పరీక్షించుకున్నాను. నిజం చెప్పాలంటే ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన నెల ఇదే.

మా పద్ధతి జీఓడీ-పీఓడీ. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గ్లూకోజు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, పెరాక్సిడేజ్ దాన్ని వాడుకుని గులాబీ రంగు తెస్తుంది. ఆ రంగును 505 నానోమీటర్ల కాంతిలో సెమీ ఆటో ఎనలైజర్ చదువుతుంది. ఒక మిల్లీలీటరు రీఏజెంటుకు పది మైక్రోలీటర్ల ప్లాస్మా. ఆ పది మైక్రోలీటర్లలో అర మైక్రోలీటరు తేడా వచ్చిందంటే ఫలితంలో ఐదు శాతం పోయినట్టే. మేం పట్టుకోవాలనుకుంటున్నది కూడా గంటకు ఐదారు శాతమే! ఆ కొలత తీసి వదిలే పిపెట్ అబద్ధమాడితే ప్రాజెక్టు మొత్తం అబద్ధం.

అందుకని పిపెట్‌ను తూకం వేశాం. పది మైక్రోలీటర్ల నీటిని విడిగా తూచడం మా త్రాసుకు కుదరదు. పదిసార్లు వదిలి ఒకేసారి తూచాలి. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9957, కాబట్టి వంద మైక్రోలీటర్లకు 99.6 మిల్లీగ్రాములు రావాలి. ల్యాబులో ఉన్న రెండు పిపెట్లలో ఒకటి దగ్గర దగ్గరగా వచ్చింది. రెండోది ప్రతిసారీ తక్కువే పోసింది. దానికి ఎర్ర టేపు చుట్టి పక్కన పెట్టాను. మర్నాడు ఎవరో టేపు తీసేసి వాడుతున్నారు. ల్యాబు టెక్నీషియన్ అక్కకు చెబితే ఈసారి సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ పిపెట్ వయసు నా వయసుకు దగ్గరగా ఉంటుందని అక్క లెక్క.

గ్లూకోజు ఎంత ఉందో ముందే తెలిసిన కంట్రోల్ సీరం రెండు స్థాయిల్లో రోజూ నడిపి లీవీ-జెనింగ్స్ చార్టు గీస్తున్నాను. సగటు గీత, దానికి పైనా కిందా రెండేసి, మూడేసి ప్రామాణిక విచలనాల గీతలు. వెస్ట్‌గార్డ్ నియమాల ప్రకారం చుక్క మూడో గీత దాటితే ఆ రోజు ఫలితాలు చెల్లవు. రెండో గీత దాటితే ఆగి చూసుకోవాలి. బ్రహ్మోత్సవాల రద్దీలో రీఏజెంటు పార్సిల్ ఊళ్లోకి వచ్చి కూడా మా దాకా రాలేదు. గోడౌన్ నుంచి మేమే ఆటోలో తెచ్చుకున్నాం. పెట్టెను మధ్యాహ్నమంతా బయట పెట్టారేమోనని భయపడ్డాను కానీ మర్నాటి కంట్రోల్ చుక్క గీతల మధ్యనే పడింది.

ఇంకో పని, థర్మామీటరు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే చిన్నది కొని, శాంపిళ్లు పెట్టే బల్ల మీద ఉంచాను. ఏసీ లేని గది. పుస్తకాల్లో "గది ఉష్ణోగ్రత" అంటే 22 నుంచి 25 డిగ్రీలు. మా గదిలో ఆ అంకె తెల్లవారుజామున కూడా కనిపించలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే 30 పైనే. గంటకు 5 నుంచి 7 శాతం అన్న లెక్క ఎవరి గదిలో వేసింది? ఇది ముందే ఆలోచించాల్సిన ప్రశ్నే. అయినా ఆ అంకె బల్ల మీద కళ్లముందు కనిపించాకే నాకు ప్రాజెక్టు మీద నిజమైన ఆసక్తి పుట్టింది. ప్రతి కొలత పక్కనా ఉష్ణోగ్రత రాయడానికి పట్టికలో ఒక కొత్త వరస గీశాను. మేడం చూసి, "మంచిది" అన్నారు. ఆమె ఆ మాట సులువుగా అనరు.

అక్టోబరు, రక్తం

అనుమతి వచ్చింది. మొదలుపెట్టాం.

పని తీరు ఇది. చేతికి బిగించే పట్టీ, టూర్నికే, ఒక నిమిషం దాటకుండా కట్టాలి. బూడిదరంగు ట్యూబును గీత వరకు నింపాలి. సగమే నింపితే ఉన్న రక్తానికి ఫ్లోరైడ్ ఎక్కువై కణాలు పగిలిపోతాయి. ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. ఐసు విషయంలో ఒక కిటుకు ఉంది: ముక్కల మీద ట్యూబు ఆనిస్తే చాలదు, మధ్యలో గాలి ఉంటుంది. ముక్కలు, నీళ్లు కలిపిన జావలో మునగాలి. ఐసు రోజూ జ్యూసు బండ్లకు అమ్మే దుకాణంలో కొన్నాను. ఎందుకని అడిగితే రక్తానికని చెప్పాను. ఆ తర్వాత ఆ అన్న ఇంకే ప్రశ్నా వేయలేదు, చిల్లర కూడా అడగలేదు.

గంటలు కొట్టినట్టు పనులు వచ్చిపడతాయి. ముగ్గురు దాతలను గంట గంట తేడాతో కూర్చోబెడితే పది దాటేసరికి ఒకరి రెండో గంట, ఇంకొకరి ఒకటో గంట, మరొకరి సున్నా ఒకదాని మీద ఒకటి పడతాయి. మధ్యలో థియరీ క్లాసు. నా సహాధ్యాయిని ఒకామె టైమరు పట్టుకుని కూర్చోకపోతే ఇది నడిచేది కాదు. బదులుగా ఆమె క్యాన్సర్ సూచికల పట్టికలన్నీ నేను కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఒప్పందం నాకే లాభం.

వాడిన సూదులు తెల్లని గట్టి డబ్బాలోకి, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు గోడ మీద బొమ్మలతో సహా ఉన్నాయి. అయినా ఎర్ర సంచిలో ఇడ్లీ పొట్లం కాగితం కనిపిస్తూనే ఉంటుంది.

ఒక దాత విషయంలో సున్నా గంట అంకె రెండు వందలు దాటింది. పట్టికలో పేర్లు ఉండవు, సంకేత సంఖ్యలే. అయినా నాకు ఎవరో తెలుసు, ఎందుకంటే రక్తం తీసింది నేనే. మేడంకు చెప్పాను. ఆమె ఆయన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. పది నిమిషాల తర్వాత ఆయన చీటీ జేబులో పెట్టుకుని వెళ్లారు. తర్వాత పరీక్షలు చేయించుకున్నారు, మందులు మొదలయ్యాయి. ఇంతకన్నా ఆయన గురించి రాయను.

నవంబరు, వాన

ఈశాన్య రుతుపవనాలు దిగాయి. రెండు రోజులు ముసురు, కరెంటు కోతలు. సెంట్రిఫ్యూజు సగంలో ఆగిపోతే ఆ గంట శాంపిల్ పోయినట్టే. వాటిని "కరెంటు" అని కారణం రాసి పట్టికలో ఖాళీగా వదిలాం. ఊహించి నింపలేదు.

కానీ వాన ఒక ఉపకారం చేసింది. గది 25కి దిగింది. అక్టోబరు మధ్యాహ్నాల్లో నిటారుగా జారిన గీతలు ఈ రోజుల్లో కాస్త వాలుగా జారుతున్నాయి. మేం ఉష్ణోగ్రతను మార్చలేదు, మార్చే పరికరమూ మా దగ్గర లేదు. ఊరే మార్చింది. వరస గీసి పెట్టుకోకపోయి ఉంటే ఈ సంగతి "మనుషుల మధ్య సహజమైన తేడా" అనే చీపురుతో ఊడ్చేసేవాళ్లం.

ఒకరి రక్తం మాత్రం మిగతా అందరికంటే చాలా వేగంగా తగ్గింది. గ్రాఫులో ఆ గీత ఒక్కటే వేరుగా కింద వేలాడుతోంది. "తీసేయ్, గ్రాఫు అందంగా వస్తుంది" అన్నాడు జన్యువుల మిత్రుడు. మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె ప్రొటోకాల్ తెరిచి, ఎవరిని మినహాయించాలో ముందే రాసిన పేరా చూపించారు: జ్వరం ఉన్నవాళ్లు, శాంపిల్‌లో కణాలు పగిలినవాళ్లు. ఈ మనిషికి జ్వరం లేదు, ప్లాస్మా ఎర్రగా లేదు. "మరి ఏ కారణంతో తీస్తావు? అందం కోసమా?" గీత ఉండిపోయింది. ఆ మనిషి తెల్లకణాల లెక్క మా దగ్గర ఉండి ఉంటే ఏమైనా తెలిసేదేమో. అది ప్రొటోకాల్‌లో లేదు కాబట్టి చేయలేం. వచ్చే ఏడాది ఎవరైనా దీన్ని కొనసాగిస్తే రక్తకణాల లెక్క కూడా చేర్చుకోండని గట్టిగా చెబుతాను.

జనవరి, లెక్కలు

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్లి కూడా ఎక్సెల్ ముందే కూర్చున్నాను. అమ్మ అరిసెలు పెట్టిన పళ్లెం కీబోర్డు పక్కనే పెట్టింది. షుగర్ ప్రాజెక్టు చేస్తూ అరిసెలు తింటున్నావా అని తమ్ముడి వేళాకోళం.

ముందుగా చేయాలనిపించేది కోరిలేషన్, అంటే రెండు అంకెల వరసలు కలిసి పెరిగి తగ్గుతున్నాయా అని చూసే లెక్క. ఐసులోని ట్యూబు అంకెలకూ గదిలోని ట్యూబు అంకెలకూ మధ్య చేస్తే ఒకటికి దగ్గరగా వస్తుంది, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. అది మోసం. ప్రతి ట్యూబులోనూ సరిగ్గా ఇరవై మిల్లీగ్రాములు పోయినా కోరిలేషన్ ఒకటే వస్తుంది, అది తగ్గుదలను చూడదు. రెండు కొలతలు ఒప్పుతున్నాయా లేదా అన్న ప్రశ్నకు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్‌లో చూపిన పద్ధతి ఉంది: రెండు కొలతల సగటు ఒక అక్షం మీద, తేడా ఇంకో అక్షం మీద. మా చుక్కలన్నీ సున్నా గీతకు ఒకే పక్కన గుమిగూడాయి. చూసినవాళ్లకు వివరణ అక్కర్లేని బొమ్మ.

ఫలితాలు క్లుప్తంగా. హెపారిన్ ట్యూబులో గది వేడిలో గ్లూకోజు గంట గంటకూ తగ్గింది. వేడి మధ్యాహ్నాల్లో పుస్తకాల అంచనాకు పైఅంచున, వాన రోజుల్లో కిందిఅంచున. ఫ్లోరైడ్ ట్యూబులో మొదటి గంట దాదాపు అంతే తగ్గింది, రెండో గంట నుంచి నెమ్మదించింది, నాలుగో గంటకు చదునైంది. ఐసునీళ్లలో ఉంచినది దాదాపు ఉన్నచోటే ఉంది. పుస్తకాలు చెప్పిందే జరిగింది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. "మరి ఎందుకు చేసినట్టు?" అని ఇంట్లో అడిగారు. మా గదిలో, మా పిపెట్‌తో, మా ఊరి ఎండలో ఆ అంకె ఎంతో ఇంతవరకు మా ల్యాబులో ఎవరూ కొలవలేదు. ఇప్పుడు అది ఉంది.

ఫిబ్రవరి

ఈ ఫలితం ఎవరికి పనికొస్తుందో వాళ్లకు చెప్పాలనిపించింది. శిబిరాలకు వెళ్లే ఒక టెక్నీషియన్ అన్న దగ్గర గ్రాఫులు పరిచాను. ఆయన ఓపికగా చూసి, "బూడిద మూత ట్యూబు వేరే కొనాలి. ఒక్కో మనిషికి ఒక ట్యూబుకే డబ్బులిస్తారు. ఊళ్లో సెంట్రిఫ్యూజుకు కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. ఐసు మధ్యాహ్నానికి మిగలదు. ఇప్పుడు చెప్పమ్మా, ఏం చేయమంటావు?" అన్నారు. చులకనగా అనలేదు. నిజంగానే అడిగారు.

ఇద్దరం కూర్చుని ఉన్నవాటిలో ఏది కుదురుతుందో చూశాం. కరెంటు ఉన్న ఊళ్లో జెల్ ఉన్న పసుపు మూత ట్యూబు వాడి, గడ్డకట్టిన వెంటనే అక్కడే తిప్పితే సీరానికీ కణాలకూ మధ్య జెల్ అడ్డుగోడ అవుతుంది. ఆ తర్వాత ప్రయాణం ఎంతసేపైనా గ్లూకోజుకు పెద్ద ముప్పు లేదు, మిగతా పరీక్షలకూ అదే ట్యూబు చాలు. కరెంటు లేని ఊళ్లో షుగర్‌ను అక్కడే గ్లూకోమీటరుతో చూసి, గీత దగ్గరగా ఉన్నవాళ్లను మాత్రం తిరుపతికి రమ్మనడం. గ్లూకోమీటరుకు తన లోపాలు తనకున్నాయి, దానితో నిర్ధారణ చేయకూడదు. అయినా నాలుగు గంటలు ఎండలో తిరిగిన ట్యూబు కంటే నయమే. ఇవేవీ కుదరకపోయినా ట్యూబు మీద రక్తం తీసిన సమయం రాయడానికి పెన్ను చాలు. దానికి మాత్రం అన్న వెంటనే ఒప్పుకున్నారు. తర్వాతి పెట్టె వచ్చినప్పుడు వెళ్లి చూశాను. సగం ట్యూబుల మీద సమయం ఉంది.

మార్చి, వైవా

పుస్తకం కట్టించే దుకాణంలో మా బ్యాచ్ అంతా క్యూలో ఉన్నాం. అట్ట మీద బంగారు అక్షరాలు ఎండకముందే తెచ్చుకున్నాను కాబట్టి నా పేరులో ఒక అక్షరం చెదిరింది.

బయటి పరీక్షకుడు పరిచయం పేజీలు తిరగేయకుండా సూటిగా పట్టిక తెరిచారు. "నీ సున్నా గంట నిజంగా సున్నానా?" అని మొదటి ప్రశ్న. మంచి ప్రశ్న. సూది నుంచి సెంట్రిఫ్యూజు ఆగేదాకా పదిహేను నిమిషాలైనా పడుతుంది, ఆ లోపల కూడా కణాలు తింటూనే ఉంటాయి. అందుకే పోలికకు ఆధారంగా గదిలోని ట్యూబు సున్నా గంట అంకెను తీసుకోలేదు, ఐసునీళ్లలో ఉంచిన ట్యూబు మొదటి అంకెను తీసుకున్నాం. సెంట్రిఫ్యూజు లోపల మాత్రం చల్లదనం లేదు, ఆ మేరకు మా తగ్గుదల అంచనా కాస్త తక్కువే అయి ఉండాలి అని చెప్పాను. తల ఊపారు. రెండో ప్రశ్న వేలాడే గీత గురించి. మూడోది, పిపెట్ తూకానికి నీటి ఉష్ణోగ్రత ఎందుకు చూశావని. అది చెబుతున్నప్పుడు నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడానని మేడం తర్వాత అన్నారు.

ఇంకో ఏడాది జూనియర్ ఒకరు దీన్ని సిట్రేట్ ట్యూబులతో, మే నెల ఎండల్లో చేస్తానంటున్నారు. ఎక్సెల్ ఫైలు, కంట్రోల్ చార్టులు, ప్రొటోకాల్ రెండు రూపాలూ (కమిటీ తిప్పిపంపినదీ, ఒప్పుకున్నదీ) ఆమెకు ఇచ్చేశాను. థర్మామీటరు బల్ల సొరుగులో ఉంది, బ్యాటరీ మార్చుకోవాలి. సొరుగులోనే తాళం వేసిన రెండో పిపెట్ కూడా ఉంది, దాన్ని వాడొద్దు.